మూలకు గుచ్చిన కరెంటు బిల్లు

…గుచ్చడమూ గాయపరచడమూ ఒకటేనా అన్న సంగతి నాకింకా తేలలేదు. ఒకప్పుడు తేలిందనే అనుకున్నాను. నా మొన మీద ఇన్నేళ్లలో ఎన్ని కాగితాలు దిగాయో లెక్క లేదు, ఒక్కటీ అరవలేదు. దిగేటప్పుడు ‘టప్’మని చిన్న చప్పుడు, ఆ తర్వాత ఏమీ లేదు. అరవని వాటికి నొప్పి ఉండదని మనుషులు అనుకుంటారు. వాళ్లింట్లో గోడకు వేలాడుతున్నదాన్ని గనక నేనూ అలాగే అనుకున్నాను. ఆ తర్వాత ఒకరోజు ఆ ఇంటి ఇల్లాలు బాలమణి చేతిలో ఒక కాగితం నా మొన దగ్గరికి వచ్చి ఆగిపోయింది. దాన్ని ఎక్కడ గుచ్చాలా అని ఆమె చాలాసేపు చూసింది. అప్పటినుంచే నాకు ఈ అనుమానం. ఈ మధ్య పని తగ్గి తీరిక దొరికింది గనక అనుమానం ఇంకొంచెం పెరిగింది.

నేను ఒక ఇనుప కొక్కేన్ని. డబ్బు కట్టేశాక బిల్లుల్ని గుచ్చి దాచుకునే కొక్కేన్ని. పైన వంపు, కింద కాగితాలు జారిపోకుండా గుండ్రటి చెక్కముక్క, ఆ వంపు చివర సన్నటి మొన. ముంబై శివార్లలో, నాలుగంతస్తుల సొసైటీ భవనంలో, రెండో అంతస్తులోని వంటింటి గోడకు మేకు మీద ఉంటాను. ఎడమవైపు కిటికీ, కుడివైపు ముందుగది గుమ్మం. ఆ గుమ్మంలోంచి చూస్తే మోటారు కుట్టుమిషనూ, దాని పక్కన ఇస్త్రీ బల్లా కనిపిస్తాయి. నా లోకం అంతే. అయినా లోకం చిన్నదైతే మనుషులు బాగా కనిపిస్తారని నా అనుభవం.

పుట్టినప్పుడు నేను కొక్కేన్ని కాను. బట్టల మిల్లులో మరమగ్గం మీద పోగుల్ని పైకీ కిందికీ విడదీసే చట్రంలో ఒక కమ్మిని. నా ముందు నిలబడి పనిచేసిన మనిషి ఆడెపు రాజేశం. సిరిసిల్ల వైపు నుంచి ఏ తరంలోనో వచ్చిన నేతవాళ్ల బిడ్డ. ముంబైలోనే పుట్టాడు, మునిసిపాలిటీ వారి తెలుగు బడిలో చదివాడు, పదిహేడో ఏట మిల్లులో చేరాడు. మిల్లు మూతపడ్డ రోజున ప్రతివాడూ గుర్తుకని ఏదో ఒకటి జేబులో వేసుకుని బయటపడ్డాడు. ఒకడు పోగును అటూ ఇటూ నడిపే నాడె తీసుకున్నాడు, ఇంకొకడు నూలు చుట్టే కండె తీసుకున్నాడు. రాజేశం చట్రంలోంచి నన్ను లాగాడు. ఎందుకు లాగావని అడిగితే అతను కూడా చెప్పలేకపోయేవాడు. చేతికి అందిన దాన్ని పట్టుకోవడమే ఆ రోజు అందరూ చేసిన పని.

ఇంటికొచ్చాక పటకారుతో వంచి, గడప రాయి మీద మొన నూరి, పాత కండె చివర కోసిన చెక్కముక్కను అడుగున బిగించాడు. “ఇగో, మనకు బిల్లులు గుచ్చుకునేందుకు,” అన్నాడు. మగ్గం పోయినా దాని కమ్మి ఇంట్లో పనికొస్తుండాలని అతని ఆశ కాబోలు. ఆ తర్వాత అతను ఒక ఆఫీసు భవనానికి కాపలాదారుగా చేరి, ఇరవై ఏళ్లకు పైగా ఖాకీ చొక్కాలో గడిపాడు.

రాజేశం గుచ్చే తీరు మోటుది. గ్యాసు రసీదు, బడి ఫీజు చీటీ, కరెంటు బిల్లు, ఏదైనా సరే నాలుగు మడతలు పెట్టి నడిమధ్యన ఒక్క పోటు. తన పేరు మీంచే పొడిచేవాడు చాలాసార్లు. దాన్ని తిరిగి చూసేవాడు కాదు. కట్టేసిన బిల్లుతో మనుషులకు పని లేదు, అయినా పారెయ్యరు. ఎవరో ఒకనాడు తలుపు తట్టి ‘మీరు కట్టలేదు’ అంటారేమోనని ఒక భయం. ఆ భయం బరువంతా నేనే మోశాను.

బాలమణి అతని భార్య. ఆ ఇంట్లో ఆమె నోట ఎన్నడూ రాని మాట ఒకటుంది. అది భర్త పేరు.

వాళ్ల అమ్మ చెప్పలేదు, అత్త చెప్పలేదు, ఆమే చెప్పలేదు. చెబితే ఏమవుతుందో ఎవరికీ తెలియదు. ఏదో అవుతుందన్న భయం మాత్రం ఎముకల్లో ఉంది. అతన్ని పిలవాలంటే “ఇగో,” అనేది. ఇతరులతో మాట్లాడేటప్పుడు “వనజ నాయిన.” పేరుతోనే ఆగిందా అంటే లేదు. ఆ పేరుకు దగ్గరగా ఉన్న ప్రతి మాటనూ ఆమె చుట్టుతిరిగి దాటేది. సొంత ఊరి దేవుణ్ణి అందరూ రాజన్న అంటే ఆమె “వేములవాడ సామి” అనేది. చిన్నప్పుడు కూతురు వనజకు కథ చెబుతూ “అనగనగా ఒక దొర ఉన్నడట,” అని మొదలుపెట్టేది. ఆ దొరకు ఏడుగురు కొడుకులు, వాళ్లంతా వేటకు పోయేవాళ్లు. బడికి వెళ్లాకగాని వాళ్లు రాజుగారి కొడుకులని ఆ పిల్లకు తెలియలేదు.

మరి రేషన్ ఆఫీసులోనో ఆసుపత్రిలోనో “భర్త పేరు?” అని అడిగితే? దానికి బాలమణి ఒక ఉపాయం కనిపెట్టింది. నా మీంచి పైనున్న కరెంటు బిల్లు తీసి, నాలుగు మడతలు పెట్టి, రుమాలులో చుట్టి వెంట తీసుకుపోయేది. అడగ్గానే బిల్లు ముందుకు చాపి ఒక వరుస మీద వేలు పెట్టేది. ఆమెకు ఇంగ్లీషు రాదు. కానీ ఆ వరుసలోని అక్షరాల ఆకారాన్ని గుంపులో మనిషి ముఖాన్ని గుర్తుపట్టినట్టు గుర్తుపట్టేది. గుమాస్తా చదివేవాడు, రాసుకునేవాడు. ఆమె బిల్లు మడిచి తెచ్చి మళ్లీ నాకు అప్పగించేది. ఆమె నోటి పని ఆ కాగితం చేసేది.

రాజేశం పోయి ఆరేళ్లయింది. మొదటి నెలలోనే రేషన్ కార్డులో పేరు కొట్టేశారు. బ్యాంకు ఖాతా మూసేశారు. ఓటర్ల జాబితాలో పోయింది. సొసైటీ వాళ్లు ఇల్లు బాలమణి పేర రాశారు. అతని ఫోను నంబరుకు ఒకసారి పొరపాటున చేస్తే ఎవరో గుజరాతీ ఆయన ఎత్తాడు. కరెంటు కంపెనీకి మాత్రం ఎవరూ చెప్పలేదు. నెలనెలా అదే పేరుతో బిల్లు వచ్చేది. ‘ప్రియమైన వినియోగదారుడా, మీరు మాకెంతో విలువైనవారు’ అని కింద సన్నగా అచ్చువేసి ఉండేది. ఊరందరికీ చనిపోయిన మనిషి ఆ ఒక్క కంపెనీకి బతికే ఉన్నాడు, పైగా బాకీ లేకుండా.

అతను పోయాక వచ్చిన మొదటి బిల్లు పట్టుకునే బాలమణి నా ముందు ఆగిపోయింది. మడత విప్పింది. పేరున్న వరుసను చూసుకుంది. నా మొనను చూసింది. చివరికి కాగితాన్ని కింది ఎడమ మూలకు జరిపి, ఏ అక్షరమూ లేని చోట చూసుకుని మెల్లగా గుచ్చింది. ఆరేళ్లుగా అదే చోటు. అంతకుముందు బిల్లులన్నీ నడుం విరిగి నా మీద పడుకుంటే, ఇవి ఒక మూలన వేలాడుతూ కిటికీలోంచి గాలి వస్తే రెపరెపలాడతాయి. అమ్మకు పొందిక ఎక్కువని వనజ అనుకుంది.

ఇక అసలు సంగతి. మా వైపు ఇళ్లకు కరెంటు అమ్మే కంపెనీలు రెండు. ఎవరికి నచ్చిన కంపెనీ దగ్గర వాళ్లు కొనుక్కోవచ్చు. ఈ సౌకర్యం వచ్చి ఏళ్లయినా చాలామంది కదల్లేదు. మనుషులకు ఎంచుకునే హక్కు లేకపోతే కోపం వస్తుంది, ఇస్తే నిద్ర వస్తుంది. కానీ ఆ ఏడు మా మెట్లమీద కదలిక మొదలైంది. పక్కింటివాళ్లు మారారు, పై అంతస్తు మారింది, ఎదురింటివాళ్లు మారి మిఠాయి కూడా పంచారు.

వనజ ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. మోటారు మిషను, ఇస్త్రీ పెట్టె, పొద్దంతా ఫ్యాను. వాడకం ఒక హద్దు దాటగానే పాత కంపెనీ రేటు గబుక్కున పెరుగుతుంది, కొత్త కంపెనీది అంత పెరగదు. ఆమె నోటుబుక్కులో రెండు నిలువు గీతలు గీసి ఏడాది బిల్లులూ పోల్చుకుంది. దగ్గర్లోని బడికి యూనిఫారాలు కుట్టే పని వచ్చేటట్టుంది. దానికి ఇంకో మిషను పెట్టాలి, ఒక మనిషిని పెట్టుకోవాలి. ఈ బిల్లుతో అది కుదరదు, తక్కువ బిల్లుతో కుదురుతుంది. వనజకు ముప్పై రెండేళ్లు. జాకెట్ల చేతులకు హెమ్మింగు చేస్తూ ముసలిదాన్నయిపోనా అని ఒకసారి తనలో తనే అనుకోవడం నేను విన్నాను.

“ఏందమ్మా, మారుదామా మరి?” అంది ఒక పొద్దున, పళ్లెంలో ఉప్మా పెట్టుకుంటూ.

“ఆ కొత్తోళ్ల కరెంటు పలుచగ ఉంటదట,” అంది బాలమణి.

“పలుచగ ఉండుడేంది? పాలా అది?”

“పైన సుమన్‌బాయి చెప్పింది. మిక్సీల కొబ్బరి మెదుగుతలేదట.”

“సుమన్‌బాయి మిక్సీ కొని పన్నెండేండ్లయింది. కరెంటు గాదు, బ్లేడు మార్చుమను.”

బాలమణి నవ్వింది. నవ్వి, మాట మార్చి, చింతపండు నానబెట్టే పనిలో పడింది. ఆమె ఒకసారి నా వైపు చూసింది. ఆ చూపు వనజకు కనిపించలేదు.

ఆ వారంలోనే కొత్త కంపెనీ ఏజెంటు వచ్చాడు. ఎనగందుల దినకర్, నలభై ఏళ్లవాడు, మన నేతవాళ్లే, చంకలో సంచి, చెవి వెనక పెన్ను. తెలుగిల్లని పేరుపలక చూసి సంబరపడ్డాడు. వనజ బట్టలివ్వడానికి బయటికి వెళ్లింది. బాలమణి నీళ్లిచ్చింది.

“పెద్దమ్మా, ఇంట్లకొచ్చే తార్ అదే, కరెంటు అదే. పలుచన, చిక్కన ఏం ఉండదు. అమ్మేటోడు మారుతడు, అంతే. కనెక్షన్ ఎవరి పేరు మీద ఉంటే వాళ్ల సంతకం ఒకటి గావాలె. పెద్దనాయిన ఇంట్ల ఉన్నడా?”

“డ్యూటీకి పోయిండు,” అంది బాలమణి.

అన్నాక ఆమె చేతిలో చెంబు ఒక క్షణం గాలిలో నిలిచిపోయింది. దాన్ని అబద్ధమని నేను అనలేను. ఇరవై ఏళ్లపాటు తలుపు తట్టిన ప్రతివాడికీ ఆమె ఇచ్చిన జవాబు అదే. ప్రశ్న పాతది, జవాబు పాతది. మధ్యలో మారిన సంగతిని నోరు పట్టించుకోలేదు. మనసు కంటే నోరే నమ్మకమైన నౌకరు. యజమాని పోయాడని చెప్పినా పాత వేళకే తలుపు తీస్తుంది.

నోరు జారితే సర్దుకోవచ్చు. ఆమె సర్దుకోలేదు. దినకర్ మూడురోజుల తర్వాత మళ్లీ వచ్చాడు. “ఇయ్యాల?” అన్నాడు. “ఊరికి పోయిండు,” అంది. ఈసారి అది తెలిసి చెప్పిన మాటే. చెప్పేటప్పుడు ఆమె ముఖంలో భయం లేదు. వింతగా ఒక తేట కనిపించింది. భర్త ఊరికెళ్లిన భార్య ముఖం ఎలా ఉంటుందో అలా. “ఎన్నడొస్తడో?” అంటే, “చెప్పరాదు, అక్కడ పెండ్లున్నది,” అంది. దినకర్ దరఖాస్తు కాగితం బల్లమీద పెట్టి, సంతకం పెట్టించి ఉంచమని వెళ్లిపోయాడు. బాలమణి దాన్ని తీసి బియ్యం డబ్బా కింద దాచింది. ఆ సాయంత్రం కూని రాగం తీస్తూ చారు పెట్టింది. రెండురోజులపాటు ఆ ఇంట్లో రాజేశం పెళ్లికి వెళ్లి ఉన్నాడు.

మూడోరోజు మధ్యాహ్నం వనజ మెట్లెక్కి వచ్చింది. సంచి కూడా దించలేదు.

“అమ్మా, నాయిన ఏ డ్యూటీకి పోయిండే?”

బాలమణి కూరగాయల కత్తి కింద పెట్టింది.

“కింద కొత్త కరెంటు కంపెనీ దినకరన్న కలిసి అడుగుతున్నడు, మీ బాపు ఊరినుంచి వచ్చిండా చెల్లె, పెండ్లి మంచిగయిందా అని. నాకు ఒక్క నిమిషం ఏం సమజ్ గాలె. ఆ… అయింది అన్న. ఏం జెయ్యాలె మరి? నిన్ను అబద్ధాలకోరును చెయ్యాల్నా?”

మొదట ఇద్దరికీ నవ్వొచ్చింది. వనజ గోడకు ఆనుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వుతూనే కింద కూర్చుంది. కూర్చున్నాక అది నవ్వు కాకుండా పోయింది. బాలమణి కూతురి భుజం మీద చెయ్యి వేసింది.

“నేను గిన మారితే బిల్లు మీద ఆయన పేరు ఉండదు గద, బిడ్డా.”

“ఉండది. మనిషే లేడు, బిల్లు మీద ఉండి ఏం జేస్తడు?”

“ఎవలన్న అడిగితే నేను ఏం చూపియ్యాలె?”

“చూపించుడెందుకు? నోటితోని చెప్పు.”

బాలమణి తల అడ్డంగా ఊపింది. “నా నోటికి రాదు.”

వనజ తల్లి ముఖంలోకి చూసింది. ముప్పై రెండేళ్లు కలిసి ఉన్నాక, తన తల్లి గొంతులో తండ్రి పేరు ఎలా వినిపిస్తుందో తనకు తెలియదని ఆమెకు అప్పుడే తట్టింది. దొర, ఆ దొరకు ఏడుగురు కొడుకులు, ఇవన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చినట్టున్నాయి.

“నలభై ఏండ్లు మనసుల దాసుకున్న,” అంది బాలమణి. “ఆ కాగితం చెప్తుంటే ఇంటున్న. అది గూడ పోతే ఆ పేరు ఇంక ఎవలు చెప్తరు, ఈ ఇంట్ల?”

వనజ వాదించలేదు. వాదించి ఉంటే బాగుండేదని నాకనిపిస్తుంది. వాదిస్తే ఎదుటివాళ్లకు పట్టుకోవడానికి ఏదో ఒకటి దొరుకుతుంది. ఆమె నోటుబుక్కు మూసి గుడ్డపీలికల డబ్బాలో వేసింది. మర్నాడు బడివాళ్లకు ఫోను చేసి, యూనిఫారాల పని తన వల్ల కాదని చెప్పింది. గొంతు మామూలుగానే ఉంది. “లేదు మేడం, జాగ కాదు, ఇంట్ల కొంచెం అడ్డం ఉన్నది,” అంది. ఆ అడ్డం వంటింట్లో నిలబడి కరివేపాకు దూస్తోంది.

బాలమణి చేతులు ఆగిపోయాయి. ఆమె ఆ మధ్యాహ్నం అన్నం తినలేదు. నా ముందుకు వచ్చి నిలబడింది. కాగితాల అంచుల్ని బొటనవేలితో పైనుంచి కిందికి నిమిరింది. పేకముక్కల్లా అవి చిటచిటలాడాయి. కొత్తవి ముందు, పాతవి కింద, అన్నింటికీ అడుగున, ఈ ఇంటికి రాకముందు ఉన్న చాల్ గదికి కట్టిన అద్దె చీటీలు. ఆమె ఏం వెతుకుతోందో నాకు తెలుసు. నా మీద రాజేశం ఉన్నాడని ఆమె నమ్మకం. ఇన్నేళ్లూ మోసినదాన్ని గనక చెబుతున్నాను, నా మీద రాజేశం లేడు. అతను వాడిన ఫ్యాను ఉంది, చూసిన టీవీ ఉంది, నీళ్లు కాగబెట్టుకున్న గ్యాసు ఉంది. కాగితం ఎంత తేలికో అంత తేలిక. ఆ మాట ఆమెకు చెప్పే నోరు నాకు లేదు. ఆ విషయంలో మేమిద్దరం ఒకటే.

ఆమె చెయ్యెత్తి పైనున్న బిల్లును నా మొన మీంచి మెల్లగా తీసింది. చీర మీద పెట్టి చదును చేసింది. గుమ్మంలోకి వెళ్లి, “నీ దినకరన్నను రమ్మను,” అంది.

వనజ మిషను ఆపింది. “ఎందుకే?”

“రమ్మనరాదు. ఎందుకో నీకు చెప్పాల్నా?”

దినకర్ సాయంత్రం వచ్చాడు. కుర్చీ చివర కూర్చుని, సంచిలోంచి కాగితాలు తీస్తూ, “పెద్దనాయిన వచ్చిండా?” అన్నాడు.

“ఆయన డ్యూటీ అయిపోయి ఆరేండ్లయింది, తమ్మీ,” అంది బాలమణి. “అప్పుడు చెప్పలేకపోయిన. నిన్ను రెండుసార్లు తిప్పిన, ఏమనుకోకు.”

అతను పెన్ను మూత తీసి పెట్టాడు. “మా అమ్మ గూడ అంతే, పెద్దమ్మా,” అన్నాడు చివరికి. “బాపు చెప్పులు ఇంక గుమ్మం కాడనే ఉంచుతది.” తర్వాత బిల్లు అందుకుని వెలుతురుకు పట్టుకున్నాడు. “అందరి బిల్లులకు తూటు నడుమల వడి నంబరు కరాబైతది. మీరు మూలకు గుచ్చిండ్రు, సాఫ్‌గ ఉన్నది. మంచి అలవాటు.”

బాలమణి తల వంచుకుంది. ఆరేళ్లలో ఆ చిల్లు గురించి నోరు విప్పిన మొదటి మనిషి అతను. దానిలో అతనికి కనిపించింది నంబరు.

దరఖాస్తు బాలమణి పేర రాశారు. మరణ ధ్రువపత్రం జతచేశారు. “బిల్లు కాగితం మీద పంపాల్నా, ఫోన్‌కు పంపాల్నా?” అని దినకర్ అడిగితే, “ఫోన్‌కే,” అంది వనజ ఆలోచించకుండా. అతను చిన్న గడిలో టిక్కు పెట్టాడు. మగ్గం పోయిన రోజున కూడా నా భవిష్యత్తు ఇంత చిన్న గీతతో తేలలేదు.

“ఇగ ఒక్కటే ఉన్నది. రేపో ఎల్లుండో కంపెనీ నుంచి ఫోన్ వస్తది. పెద్దమ్మ తన పూరా పేరు చెప్పాలె. ఇక్కడి పద్ధతి తెల్సు గద, ముందు తన పేరు, నడుమల పెద్దనాయిన పేరు, ఆఖరుకు ఇంటిపేరు. అది రికార్డు అయితది.”

తల్లీకూతుళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

“నేను చెప్తే నడువదా, అన్నా?” అంది వనజ.

“దరఖాస్తు ఎవరిదో వాళ్ల గొంతే ఉండాలె, చెల్లె. రెండుసార్లు చేస్తరు. చెప్పకపోతే రద్దయితది.”

మర్నాడు పొద్దున పదకొండింటికి ఫోను వచ్చింది. హిందీలో మాట్లాడే అమ్మాయి గొంతు. వనజ ఫోను స్పీకరులో పెట్టి తల్లి చేతికిచ్చింది. ఆ అమ్మాయి చిరునామా అడిగింది, బాలమణి చెప్పింది. పాత కంపెనీ నంబరు అడిగింది, బిల్లు నకలు చూసి వనజ అందించింది.

“మీ పూర్తి పేరు చెప్పండి.”

“బాలమణి ఆడెపు.”

“మధ్య పేరు?”

బాలమణి నోరు తెరిచింది. పెదవులు కదిలాయి, గాలి మాత్రమే వచ్చింది. ఆమె గబగబా నా దగ్గరికి నడిచి, పైనున్న బిల్లును అందుకుని, ఆ వరుస మీద వేలు పెట్టి, ఫోనుకు ఎదురుగా పట్టుకుంది. ఆఫీసుల్లో ఇన్నేళ్లూ చాపినట్టే చాపింది. ఫోను చూడలేదు.

“హలో? మేడం? మధ్య పేరు? వినబడుతోందా?” అని ఆ గొంతు మూడుసార్లు అడిగి, రేపు ఇదే వేళకు మళ్లీ చేస్తామని చెప్పి పెట్టేసింది.

బిల్లు ఇంకా ఆమె చేతిలో అలాగే చాపి ఉంది. వనజ మెల్లగా ఆ చెయ్యి కిందికి దించింది. చాయ్ పెట్టి ఇచ్చింది.

రెండోరోజు పదిన్నరకు వనజ చెప్పులేసుకుంది. “నేను జాకెట్లు ఇచ్చి వస్త,” అంది. ఆ రోజు ఇవ్వాల్సిన జాకెట్లు ఏమీ లేవు. మడతపెట్టిన ఖాళీ సంచి చంకలో పెట్టుకుని, ఫోను వంటింటి గట్టు మీద ఉంచి, తలుపు దగ్గరికి వేసి వెళ్లింది. కొన్ని మాటలు వినడానికి మనిషి ఉంటే రావు. ఆ సంగతి ఆమెకు ఎవరు చెప్పారో.

ఇంట్లో బాలమణి, నేను. కిటికీ చువ్వ మీద పావురం ఒకటి గొంతులో కువకువలాడుతోంది. బాలమణి గట్టు తుడిచింది. తుడిచిన గట్టునే మళ్లీ తుడిచింది. నా దగ్గరికి వచ్చింది. పైనున్న బిల్లు మీద వేలు పెట్టి, ఆ వరుసను ఈ చివరనుంచి ఆ చివరకు నిమిరింది. పెదవులు కదిపింది. మొదటి అక్షరం దగ్గర నాలుక పైకి లేవడం, ఆగడం, దిగడం నాకు కనిపించింది. ఏదో అవుతుందన్న పాత భయం. కానీ అవ్వాల్సింది ఆరేళ్ల కిందటే అయిపోయింది. భయం ఆ కబురు ఇంకా వినలేదు, అంతే. డ్యూటీకి పోయాడన్న నోరు వినలేదు గదా, అలాగే.

ఫోను మోగింది. పావురం ఎగిరిపోయింది.

బాలమణి తడి చెయ్యి చీరకు తుడుచుకుని ఎత్తింది. అదే గొంతు. చిరునామా సరిచూసుకుంది, నంబరు సరిచూసుకుంది.

“మీ పూర్తి పేరు చెప్పండి, మేడం.”

బాలమణి నావైపు ఒక అడుగు వేసింది. ఆమె చెయ్యి బిల్లు దాకా లేచింది. లేచిన చెయ్యి బిల్లును తియ్యలేదు, దాని అంచును పట్టుకుని నిలిచింది.

“బాలమణి,” అంది. “బాలమణి రాజేశం ఆడెపు.”

అంత మెల్లగా అంది, మధ్యమాట ఊపిరిలో కలిసిపోయింది. ఏమీ కాలేదు. పప్పు కుక్కరు కూత వేసింది. కింద ఎవరో కూరల బండివాడు అరుస్తున్నాడు.

“సరిగా వినబడలేదు, మేడం,” అంది ఆ గొంతు. “మధ్య పేరు ఇంకోసారి చెప్పండి, కొంచెం గట్టిగా.”

బాలమణి బిల్లును వదిలేసింది. అది మూలన వేలాడి, ఊగి, నిలిచింది. ఆమె కుక్కరు కింద మంట తగ్గించి, ఫోనును నోటికి దగ్గరగా తెచ్చుకుని, ఎదురింటి కిటికీకి కూడా వినబడేంత గొంతుతో, అక్షరం అక్షరం విడివిడిగా చెప్పింది.

“రాజేశం.”